గొట్టం పరీక్ష అంటే భయమా? మత్తు లేని ఎండోస్కోపీకి ముందు ఏం చెప్పాలి, ఏం అడగాలి

ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల అవగాహన సదస్సులో జిల్లా పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం



ఆరోగ్యశ్రీ అనగానే మనకు గుండె ఆపరేషను, కిడ్నీ, క్యాన్సర్ గుర్తుకొస్తాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పథకం ఇది. మన తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పరిమితి పెరిగింది. ఈ సంగతులు మీలో చాలామందికి తెలుసు. కానీ చికిత్స దాకా వెళ్లాలంటే ముందు జబ్బేమిటో తేలాలి. అది తేలడానికి ఒక పరీక్ష రాస్తారు. ఆ పరీక్ష పేరు వినగానే కొంతమంది చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతారు. దాని గురించే ఇవాళ మాట్లాడుకుందాం. అదే ఎండోస్కోపీ. ఊళ్లో మనం గొట్టం పరీక్ష అంటాం.

ముందే ఒక మాట చెప్తాను. నేను డాక్టరును కాదు. ప్రభుత్వ సమాచారాన్ని మీకు అర్థమయ్యే మాటల్లో మీ దాకా తేవడం నా పని. ఏ మందు, ఎంత మోతాదు అనేది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఆ డాక్టరును ఏం అడగాలో, ఆయనకు మీరు ఏం చెప్పాలో ఇక్కడ తెలుసుకోండి.

పరీక్ష వాయిదా వేస్తే ఏమవుతుంది?

ఒక రైతు ఉన్నాడనుకోండి. ఆరు నెలలుగా కడుపులో మంట. మెడికల్ షాపులో గ్యాస్ గోళీ కొనుక్కుని వేసుకుంటున్నాడు. వేసుకున్న రోజు బాగుంటుంది, మానేస్తే మళ్లీ మంట. మెల్లగా ముద్ద దిగడం కష్టమైంది, బరువు తగ్గాడు. డాక్టరు ఎండోస్కోపీ రాశారు. "అమ్మో, గొంతులోకి పైపు పెడతారట, ఊపిరి ఆడదట" అని పక్కింటాయన చెప్పిన మాటకు జడిసి పంట చేతికొచ్చాక చూద్దాంలే అనుకున్నాడు. ఆ మూడు నెలల్లో లోపలి పుండు ఊరుకుంటుందా? రక్తం కారవచ్చు. క్యాన్సరే అయితే, మొదట్లో దొరికితే తీసేయగలిగేది ముదిరిపోవచ్చు. గోళీ మంటను అణచిపెడుతుంది. లోపల ఉన్నదేమిటో చెప్పదు.

కొన్ని లక్షణాలుంటే గొట్టం పరీక్షను అస్సలు వాయిదా వేయకూడదు. ముద్ద మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగకుండా వాంతులు, రక్తం తగ్గిపోయి నీరసం, ఇవి అలాంటివి. రక్తపు వాంతి, తారులాగా నల్లగా జిగటగా విరేచనం అయితే పరీక్ష తేదీ కోసం కూడా చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఐరన్ గోళీలు వేసుకునేవాళ్లకు కూడా విరేచనం నల్లగా అవుతుంది. ఆ గోళీలు వేసుకుంటుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

ఇంకో మంచి విషయం. చాలా కడుపు పుండ్లకు కారణం కారం కాదు, ఒక సూక్ష్మజీవి. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. దీన్ని కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. గొట్టం పరీక్షలో చిన్న ముక్క తీసి చూస్తే ఆ క్రిమి ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే సాధారణంగా రెండు వారాల మందుల కోర్సు ఇస్తారు. ఏళ్ల తరబడి గ్యాస్ గోళీలు మింగడం ఎక్కడ, రెండు వారాల కోర్సు ఎక్కడ!

అసలు ఈ పరీక్ష ఏమిటి?

మన చిటికెన వేలంత లావు, వంగే గొట్టం. చివర చిన్న కెమెరా, లైటు ఉంటాయి. నోట్లోంచి అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం దాకా వెళ్లి చూస్తుంది. మామూలుగా 5 నుంచి 10 నిమిషాల పని.

ఈ పరీక్ష మీద భయం ఊరికే పుట్టలేదు. 1868లో జర్మనీలో కుస్మాల్ అనే డాక్టరు మొదటిసారి జీర్ణాశయంలోకి చూడాలనుకున్నప్పుడు ఆయన దగ్గరున్నది వంగని గొట్టం. మామూలు మనిషి దాన్ని మింగలేడు కాబట్టి కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ అనే డాక్టరు వంగే గొట్టం తయారుచేయించి ముందు తన గొంతులోనే వేసుకుని చూశాడు. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఉన్నది దానికంటే ఇంకా మెత్తనిది, సన్ననిది. భయం మాత్రం గారడీవాడి కాలం నాటిదే మనకు మిగిలింది.

ఊపిరి సంగతి చెప్పుకుందాం. గాలి వెళ్లే దారి వేరు, అన్నం వెళ్లే దారి వేరు. గొట్టం అన్నం దారిలో వెళ్తుంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ మీరు ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. బల్ల మీద పడుకున్నప్పుడు పనికొచ్చే మొదటి మాట ఇదే.

మత్తుతోనా, మత్తు లేకుండానా?

రెండు పద్ధతులూ ఉన్నాయి. మత్తు ఇస్తే నరంలోకి సూది వేస్తారు, మగతగా ఉంటుంది, చాలామందికి పరీక్ష గుర్తుండదు. కానీ ఆ తర్వాత కొంతసేపు పడుకోబెట్టి నాడి, ఆక్సిజన్ చూస్తూ ఉండాలి. తోడు మనిషి ఉండాల్సిందే. ఆ రోజంతా బండి నడపకూడదు, మోటారు, మిషను దగ్గరికి వెళ్లకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకం పెట్టకూడదు.

మత్తు లేకుండా చేస్తే మీరు మెలకువగా ఉంటారు. కాసేపటికే లేచి నడిచి వెళ్లొచ్చు. రోజు కూలి మొత్తం పోదు. ఊపిరి జబ్బులు, గురక జబ్బు ఉన్నవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు మత్తు వల్ల వచ్చే ఇబ్బందీ తప్పుతుంది. అందుకే మన ఆసుపత్రుల్లో మామూలుగా చూసే పరీక్షకు చాలాచోట్ల మత్తు లేకుండానే చేస్తారు.

ఇక్కడే ఒక అపోహ ఉంది. "మత్తు లేకుండా" అంటే "ఏ మందూ లేకుండా, పళ్లు బిగపట్టి భరించాలి" అని కాదు. మెలకువగా ఉంచుతూనే బాధ తగ్గించే మందులు ఉన్నాయి. అవి గొట్టం లోపలికి వెళ్లాక ఇచ్చేవి కావు, ముందే ఇవ్వాల్సినవి. అందుకే మీ నోరు కూడా ముందే తెరుచుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వరుసలో యాభై మంది ఉన్న చోట నర్సమ్మకు మీ మనసులో మాట ఎలా తెలుస్తుంది?

బాధ ఒకటి కాదు, నాలుగు రకాలు

గొట్టం పరీక్ష కష్టంగా ఉంది అన్నవాళ్లను "ఏం కష్టం?" అని విడమరిచి అడిగితే నాలుగు రకాలు చెప్తారు. ఒక్కోదానికి ఒక్కో మందు. ఒక దాని మందు ఇంకొకదానికి పనిచేయదు. ఇది అర్థమైతే సగం పని అయినట్టే.

మొదటిది డోకు. నాలుక వెనక, గొంతు గోడకు ఏదైనా తగిలితే దానంతట అదే డోకు వస్తుంది. పొద్దున పళ్లు తోముకుంటూ నాలుక గీసుకునేటప్పుడు వచ్చేది ఇదే. ఇది కడుపులో పుట్టింది కాదు, గొంతులో స్పర్శకు పుట్టింది. కాబట్టి గొంతును మొద్దుబార్చాలి. అందుకు లిగ్నోకెయిన్ అనే మందును గొంతులో స్ప్రే కొడతారు, లేదా చిక్కటి ద్రవంగా ఇచ్చి పుక్కిలించమంటారు. పన్ను పీకేటప్పుడు చిగురుకు వేసే మందు జాతిదే ఇది. కాస్త చేదుగా ఉంటుంది. కొన్ని నిమిషాల్లో గొంతు బండబారుతుంది. మింగుడు పడనట్టు, గొంతు వాచినట్టు అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే హడలిపోతారు. గొంతు మూసుకుపోలేదు, స్పర్శ పోయిందంతే. స్ప్రే కొట్టిన వెంటనే కాకుండా అది పట్టే దాకా ఆగి గొట్టం వేస్తే మేలు. "అమ్మా, ఇంకా మొద్దుబారలేదు" అని చెప్పడానికి మొహమాటపడకండి.

రెండోది వికారం. అంటే కడుపులో తిప్పడం, వాంతి వచ్చేలా ఉండటం. దీనికి ఒండాన్‌సెట్రాన్, డోమ్‌పెరిడోన్, మెటోక్లోప్రమైడ్ లాంటి మందులు ఉన్నాయి. ఎవరికి ముందు నుంచే వికారం ఉందో, పోయినసారి పరీక్షలో ఎవరు వాంతులతో ఇబ్బంది పడ్డారో, వాళ్లకు అవసరమనుకుంటే డాక్టరు వీటిలో ఒకటి ముందే ఇస్తారు. కానీ వాంతి గోళీ గొంతు డోకును ఆపదు. "గోళీ వేసుకొచ్చాను, అయినా డోకు వచ్చింది, మందు మంచిది కాదు" అనుకోవద్దు. దాని పని వేరు. అలాగే ఈ గోళీని మెడికల్ షాపులో మీ అంతట మీరు కొని వేసుకుని వెళ్లకండి. గుండె కొట్టుకోవడంలో తేడా ఉన్నవాళ్లకు వీటిలో కొన్ని పడవు. మెటోక్లోప్రమైడ్ కొందరికి ఒళ్లంతా నిలకడ లేకుండా చేస్తుంది, మెడ, దవడ పట్టేస్తుంది.

మూడోది ఉబ్బరం, పట్టేయడం. జీర్ణాశయం ముడుచుకుని ఉంటే కెమెరాకు ఏమీ కనపడదు. అందుకని గాలి పంపి కాస్త విప్పుతారు. అప్పుడు కడుపు ఉబ్బినట్టు, త్రేన్పు వచ్చేలా అనిపిస్తుంది. త్రేన్పు వస్తే రానివ్వండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. లోపల నురగ, జిగురు ఉంటే డాక్టరు మాటిమాటికీ నీళ్లు కొట్టి కడగాలి, పరీక్ష సాగుతుంది. అది తగ్గించడానికి సిమెథికోన్ అనే నురగ తీసే మందును కొద్ది నీళ్లలో కలిపి ముందే తాగిస్తారు. కడుపు, పేగులు మెలితిరగకుండా అవసరమైతే హయోసిన్ సూది వేస్తారు. బస్కోపాన్ అనే పేరుతో మీరు విని ఉంటారు. దీనికి నోరు ఎండుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. కంట్లో నీటికాసులు అంటే గ్లకోమా ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ వాపుతో మూత్రం ఆగిపోయేవాళ్లు, గుండె దడ ఉన్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

నాలుగోది భయం. భయపడినవాడి గొంతు బిగుసుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, డోకు ఇంకా ఎక్కువవుతుంది. దీనికి మొదటి మందు సమాచారం. ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు తక్కువ బాధపడతారు. అయినా చాలా భయంగా ఉంటే చెప్పండి. డాక్టరు అవసరమనుకుంటే కొద్దిగా మత్తు ఇచ్చి చేస్తారు. అప్పుడు మాత్రం ఇందాక చెప్పుకున్న జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి, తోడు మనిషి ఉండాలి.

ఖర్చు లేని మందు: పరగడుపు

ఈ నాలుగు బాధలకూ పనికొచ్చే మందు ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. అదే ఖాళీ కడుపు. అన్నం, టిఫిను తిన్నాక కనీసం 6 గంటలు ఆగాలి. పొద్దున పరీక్ష అయితే రాత్రి త్వరగా, తేలిగ్గా తినేసి పడుకోండి. మామూలు నీళ్లు పరీక్షకు 2 గంటల ముందు దాకా కొద్దిగా తాగొచ్చని వైద్య నియమాలు చెప్తాయి. మీ ఆసుపత్రి వాళ్లు ఇంకా ముందే ఆపమంటే వాళ్ల మాటే వినండి.

పాలు కలిపిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు. ఒక్క గుక్కేగా అనుకోవద్దు. మజ్జిగ, జావ, కొబ్బరినీళ్లు కూడా వద్దు. గుట్కా, జర్దా, బీడీ ఆ పొద్దున వద్దే వద్దు. ముందు రోజు కల్లు, మందు కూడా మానేయండి. కడుపులో ఏదైనా ఉండగా గొంతు మొద్దుబారి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పొరపాటున తినేసి ఉంటే దాచకండి. "తిట్టి పంపిస్తారేమో" అని దాస్తే నష్టం మీకే. చెప్తే ఇంకో టైము ఇస్తారు, అంతే.

షుగరు ఉన్నవాళ్లు ముఖ్యంగా వినండి. పరగడుపున ఇన్సులిన్, షుగరు గోళీ వేసుకుంటే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ రోజు మందు ఎలా వేసుకోవాలో ముందు రోజే అడగండి, పొద్దున్నే మీ పేరు ముందు పిలవమని కూడా అడగండి. బీపీ, గుండె, ఫిట్స్ గోళీల సంగతీ అంతే. చాలావరకు ఒక గుక్క నీళ్లతో వేసుకోమంటారు, కానీ అడిగి తెలుసుకోండి. రక్తం పలచబడే గోళీలు సొంతంగా ఆపకండి. స్టెంటు వేసినవాళ్లు అలా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. గ్యాస్ గోళీలు వేసుకుంటే క్రిమి పరీక్షలో తేడా రావచ్చు, వాటిని ఎప్పుడు ఆపాలో కూడా డాక్టరునే అడగండి.

బల్ల మీద ఆ పది నిమిషాలు

కట్టుడు పళ్లు ఉంటే తీసి మీ వెంట వచ్చినవాళ్లకు ఇవ్వండి. కదిలే పన్ను ఉంటే చెప్పండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. పళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ రింగు పెడతారు, గొట్టాన్ని కొరకకుండా.

గొట్టం గొంతు దాటే ఆ కొద్ది క్షణాలే కష్టం. డాక్టరు "మింగు" అన్నప్పుడు ముద్ద మింగినట్టు ఒక్కసారి మింగండి. ఆ తర్వాత మింగడం మానేయండి. లాలాజలం నోటి పక్కనుంచి కారిపోనివ్వండి. మింగాలని చూస్తే పొలమారుతుంది, డోకు పెరుగుతుంది. కింద గుడ్డ వేసే ఉంటుంది.

ముక్కుతో నెమ్మదిగా పీల్చండి, నోటితో ఇంకా నెమ్మదిగా వదలండి. మనసులో లెక్క పెట్టుకోండి, లేదా మీ దేవుణ్ణి తలుచుకోండి. భుజాలు, చేతులు వదులుగా ఉంచండి. కళ్లు గట్టిగా మూసుకోవడం కన్నా ఎదురుగా ఒక చోట చూస్తూ ఉంటే చాలామందికి తేలిగ్గా ఉంటుంది. గొట్టాన్ని చేత్తో లాగకండి, గొంతు గీసుకుపోతుంది.

నోట్లో గొట్టం ఉన్నప్పుడు మాట్లాడలేరు. కాబట్టి పడుకోకముందే డాక్టరుతో ఒక గుర్తు అనుకోండి. "సార్, భరించలేకపోతే ఎడమ చెయ్యి ఎత్తుతాను, ఒక్క నిమిషం ఆగండి" అని చెప్పండి. ఆ చెయ్యి ఎత్తొచ్చు అని తెలిస్తేనే చాలామందికి ఎత్తే అవసరం రాదు. ముక్క తీసేటప్పుడు నొప్పి తెలియదు. జీర్ణాశయం లోపలి పొరకు కోస్తే నొప్పి తెలిసే గుణం లేదు.

అయిపోయాక

గొంతు మొద్దు అరగంట నుంచి గంట దాకా ఉంటుంది. అది పోయే దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. పొద్దున్నించి ఆకలితో ఉన్నాం కదా అని బయటికి రాగానే చాయ్ బండి దగ్గరికి పోకండి. మొద్దు పోయాక ముందు ఒక గుక్క చల్లటి నీళ్లు తాగండి. పొలమారకుండా దిగితే అప్పుడు మెత్తటి తిండి తినొచ్చు. ఆ పూట వేడి వేడివి వద్దు.

ఒక రోజు గొంతు కాస్త గీర, కాస్త ఉబ్బరం మామూలే. కానీ ఛాతీలో, కడుపులో బాగా నొప్పి, ఊపిరి ఆడకపోవడం, రక్తపు వాంతి, నల్ల విరేచనం, జ్వరం, మెడ దగ్గర వాపు వస్తే ఆగకండి. వెంటనే అదే ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. ఇలాంటివి చాలా అరుదు. అయినా తెలిసి ఉండాలి.

ముక్క తీసి ఉంటే దాని రిపోర్టు ఆ రోజే రాదు. ఎప్పుడు రావాలో తేదీ రాయించుకోండి. పరీక్ష చేయించుకుని రిపోర్టు తీసుకోనివాళ్లు ఉంటారు. బాధంతా పడి ఫలితం వదిలేసుకున్నట్టే కదా!

పథకం సంగతి

ప్రభుత్వ ఆసుపత్రిలో ముందుగా చూపించుకోండి. పీహెచ్‌సీ, పల్లె దవాఖాన, బస్తీ దవాఖానల్లో గొట్టం పరీక్ష ఉండదు, కానీ ఎక్కడికి వెళ్లాలో అక్కడి డాక్టరు రాసిస్తారు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో జీర్ణకోశ వ్యాధుల విభాగాలున్నాయి.

ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రికి వెళ్తే ముందు ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి. రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు వెంట ఉంచుకోండి. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ కింద చికిత్సకు చేరినప్పుడు దానికి కావాల్సిన పరీక్షలు, మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. చేరకుండా పరీక్ష ఒక్కటే చేయించుకుంటే డబ్బు కట్టాలా వద్దా అన్నది పరీక్షకు ముందే ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోండి. పరీక్ష అయ్యాక బిల్లు చూసి గొడవపడేకన్నా ముందు ఒక్క మాట అడగడం నయం. ప్యాకేజీలో ఉన్నదానికి విడిగా డబ్బు అడిగితే రసీదు అడగండి, 104కు ఫోన్ చేసి చెప్పండి.

సంతకం పెట్టించుకునే కాగితం గురించి ఒక మాట. అది మీ అనుమతి పత్రం. ఇంగ్లిషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. ఉర్దూ, లంబాడీ మాట్లాడేవాళ్లు తెలిసినవాళ్లను వెంట తెచ్చుకోండి. మత్తు ఇస్తున్నారా లేదా, ముక్క తీస్తారా లేదా, ఈ రెండూ తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

సదస్సుల్లో మీరు అడుగుతున్న ప్రశ్నలు

*పోయినసారి చాలా బాధపడ్డాను. మళ్లీ రాశారు. ఏం చేయాలి?*
ఆ మాటే డాక్టరుకు చెప్పండి. పోయినసారి గొంతు స్ప్రే ఇచ్చారా, డోకు ఎక్కువైందా, వాంతి అయిందా, విడిగా చెప్పండి. దాన్ని బట్టి ఈసారి మందు మారుస్తారు, లేదా మత్తు ఇస్తారు. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ముక్కులోంచి వేసే సన్నటి గొట్టం కూడా ఉంటుంది. దానికి డోకు తక్కువ.

*గొంతు స్ప్రే పడనివాళ్లు ఉంటారా?*
అరుదుగా ఉంటారు. పన్ను పీకించుకున్నప్పుడు, కుట్లు వేసినప్పుడు ఇచ్చిన మత్తు సూదికి దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి.

*గర్భిణికి చేయొచ్చా?*
తప్పనిసరైతేనే, డాక్టరు అన్నీ చూసుకుని చేస్తారు. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.

*బరువు, షుగరు తగ్గడానికి వారానికి ఒకసారి వేసుకునే సూది వాడుతున్నాను. చెప్పాలా?*
చెప్పాలి. అలాంటి కొన్ని మందులకు తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. పరగడుపు అనుకున్నది పరగడుపు కాకపోవచ్చు.

*ఇంటి నుంచే వాంతి గోళీ, నిద్ర గోళీ వేసుకుని వెళ్లొచ్చా?*
వద్దు. ముఖ్యంగా నిద్ర గోళీ అస్సలు వద్దు. మీరు ఏం వేసుకున్నారో తెలియక అక్కడ ఇంకో మందు ఇస్తే ఊపిరికి ప్రమాదం.

ఈ పేజీ ఫోన్‌లో దాచుకోండి, నర్సమ్మకు చూపించండి

చదవడం రానివాళ్లకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించాలి. ఆశా అక్కలు మీ వాట్సాప్ గ్రూపుల్లో పంపాలి.

నేను చెప్పాల్సినవి:
• చివరిసారి తిన్న టైము, తాగిన టైము
• షుగరు, బీపీ, గుండె, ఆస్తమా, ఫిట్స్, గురక జబ్బు ఉన్నాయా
• నీటికాసులు, ప్రోస్టేట్ వాపు ఉన్నాయా
• రోజూ వేసుకునే మందులు, రక్తం పలచబడే గోళీలు
• పడని మందులు
• గర్భం, కట్టుడు పళ్లు, కదిలే పన్ను
• పోయినసారి పరీక్షలో పడ్డ ఇబ్బంది

నేను అడగాల్సినవి:
• గొంతుకు స్ప్రే ఇస్తారా? ఎంతసేపు ఆగాలి?
• నాకు వికారం ఉంది, దానికి ముందే మందు అవసరమా?
• నురగ తీసే మందు, కడుపు పట్టేయకుండా సూది నాకు పనికొస్తాయా?
• భరించలేకపోతే ఏ చెయ్యి ఎత్తాలి?
• ఎప్పుడు తినొచ్చు? రిపోర్టు ఏ రోజు?

ఇవి అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమో అనుకోకండి. కదలకుండా, డోకు లేకుండా ఉన్న మనిషికి పరీక్ష చేయడం ఆయనకూ తేలికే. లోపల బాగా కనపడుతుంది, చిన్న పుండు కూడా తప్పిపోదు. మీ బాధ తగ్గడం మీ ఒక్కరి సౌకర్యం కోసమే కాదు, పరీక్ష సరిగ్గా జరగడానికి కూడా.

జేబులో మడిచి పెట్టుకున్న చీటీ ఎవరి దగ్గరైనా ఉంటే రేపే బయటికి తీయండి. తేదీ దాటిపోయినా సరే, అదే చీటీతో మళ్లీ వెళ్లండి. ఒంటరిగా వెళ్లడానికి జంకితే మీ ఊరి ఆశా అక్కను అడగండి, సందేహముంటే 104కు ఫోన్ చేయండి.